సరే అన్న మెడ

ఆ రోజుల్లో మా దిక్కు ఒంటినొప్పి అనేది ఎవరి సొంత వ్యవహారమూ కాదు. నడుము పట్టిందని ఇంట్లో ఒకసారి మూలిగితే చాలు, వాడకట్టులో దారిన పోయేవాళ్లంతా లోపలికి వచ్చి, మంచం పక్కన నిలబడి, తమకు తెలిసిన వైద్యం చెప్పి, చాయ్ తాగి పోయేవారు. తలగడ ఎండలో వేయమని ఒకరంటే, తల కింద రోకలి పెట్టుకొమ్మని ఇంకొకరనేవారు. నొప్పి ఉన్నవాడిని మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నా విషయంలో అడిగారు. అడగడం వల్లనే వచ్చింది చిక్కంతా. మన దేశంలో తలను కొంచెం పక్కకు వంచితే 'సరే' అని కదా అర్థం. నా తల ఆ చలికాలంలో పక్కకు వంగి, అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు నేను బోధన్‌లో అక్కావాళ్లింట్లో ఉంటూ, చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర సీజన్ గుమాస్తాగా పనిచేస్తున్నాను. చెరుకు బండ్లను వరుసలో పెట్టించడం, తూకం చూడడం, రైతు చేతికి చిట్టీ ఇవ్వడం నా పని. సీజన్ గుమాస్తా అంటే చెరుకు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. అది పోతే మా ఊరు వేల్పూరుకు వెళ్లి బాపు వెంట పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి. (పసుపు ఉడికే పొయ్యి దగ్గర కూర్చున్నవాడికి ఆ పొగ ఎట్లాంటిదో వేరే చెప్పనక్కరలేదు. నేను దాని నుంచి పారిపోయే బోధన్ వచ్చాను.) ఆ ఏడు కాటా దగ్గర ఒక గుమాస్తాను పర్మినెంటు చేస్తారని తెలిసింది. పేరు పంపవలసింది మా పెద్దసారు. తూకం ముల్లు సరిగ్గా నిలబడిందా లేదా అని రోజూ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసేవాడు కనుక ఆయనను మేము చాటుగా ముల్లు సారు అనేవాళ్లం. ఆయన పంపే పేరు నాదే కావాలని నేను కోరని దేవుడు లేడు.

అట్లాంటి సమయంలో ఒక బండి మీది నుంచి చెరుకు మోపు జారి కింద పడింది. మీసాలు కొత్తగా వచ్చిన రోజులు. నలుగురూ చూస్తున్నారు కదా అని ఒక్కడినే దాన్ని ఎత్తబోయాను. మోపు లేవలేదు. నా నడుములోనే ఏదో లేచింది. మర్నాడు పొద్దున చూస్తే నడుము కొయ్యబారిపోయింది, తల కుడి భుజం వైపు వాలిపోయింది. లేపుదామంటే ప్రాణం పోతున్నంత నొప్పి. పనికి పోకపోతే పేరు పోతుందేమోనన్న భయంతో అట్లాగే పోయి కాటా దగ్గర కూర్చున్నాను.

మొదట ఒక ముసలి రైతు వచ్చాడు. "సారూ, ఇంటికాడ బర్రె ఈనెతట్టున్నది. నా బండి జెర ముంగటికి తెచ్చుకుంట" అన్నాడు. నేను నోరు తెరవలేదు. తల మాత్రం పక్కకు వాలి ఉంది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని దీవించి బండి ముందుకు తోలాడు. అది చూసి ఇంకొకడు వచ్చి తనకు పెండ్లికి పోయేది ఉందన్నాడు. మూడో అతను ఏ కారణమూ చెప్పకుండానే "నేను గూడ తెచ్చుకోనా?" అన్నాడు. కాసేపటికి వరుసలో ఉన్న బండ్లన్నీ ముందు బండ్లే అయ్యాయి. రెండు బండ్లు ఒకేసారి కాటా మీదికి ఎక్కబోయి ఇరుక్కున్నాయి. ఆ సందట్లో ఒక ఎద్దు పక్క బండిలోని చెరుకును తీరికగా నమలడం మొదలుపెట్టింది. కేకలు విని ముల్లు సారు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరిచ్చిండ్రు ఇజాజత్?" అని అరిచాడు.

"గీ సారే సరే అన్నడు" అని అందరి వేళ్లూ నా వైపు తిరిగాయి.

"నేను నోరే ఇప్పలే సార్" అన్నాను.

"నోరిప్పలే. గని తలకాయ ఊపిండు. మేమందరం సూసినం" అన్నాడు బర్రె రైతు, అబద్ధం చెప్పనివాడి ధీమాతో.

ముల్లు సారు నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏందయ్యా, నౌకరీ చేస్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు. ఆ రెండో ప్రశ్న దగ్గర ఆయన ఆగాడు. నా తల ఎట్లా ఉందో మీకు తెలుసు. "పోతవా? సరే, పో" అన్నాడు. నేను గాభరాపడి మెడ సంగతంతా ఏకరువు పెట్టాను. ఆయన చుట్టూ తిరిగి నన్ను అన్ని వైపుల నుంచీ పరిశీలించి, కాస్త చల్లబడి అన్నాడు: "కాటా ముల్లు వంకర ఉంటె రైతు నమ్ముతడా? కాటా కాడ కూసున్నోని తలకాయ గూడ గంతే. వచ్చే సోమారం పేరు పంపుతున్న. గప్పటికి నిటారుగ రా. లేకుంటె ఇంకొకని పేరు రాస్త."

ఇంట్లో ఆ సాయంత్రం నా మెడ మీద పెద్ద యుద్ధమే జరిగింది. అక్క ఎదురుకాళ్ల కాక పక్షం. తల్లి కడుపులోంచి తలతో కాకుండా కాళ్లతో వచ్చినవాడు తంతే నడుము నొప్పి పోతుందని మా దిక్కు నమ్మకం. ఊళ్లో అందరూ కాక అని పిలిచే ఆయన అట్లా పుట్టినవాడు, దానికి తోడు పడుచుతనంలో కుస్తీలు పట్టినవాడు కావడంతో, తన్నడంతో పాటు మెడలు తిప్పడం కూడా చేసేవాడు. పోస్టాఫీసులో పనిచేసే మా బావది ఎర్రబుగ్గ డాక్టరు పక్షం. (బుగ్గ అంటే మా దిక్కు కరెంటు బల్బు. ఆయన బుగ్గలు మామూలు రంగువే.) ఆ డాక్టరు పటాలం ఆస్పత్రిలో పనిచేసి వచ్చి, నిజామాబాద్‌లో ఒక గది తీసుకుని, ఎర్ర దీపం కాపడమూ కసరత్తులతోనే నొప్పులు తగ్గించేవాడు. గది ముందు 'ఫిజియోథెరపీ' అని బోర్డు ఉండేది. ఆ మాటను తడబడకుండా పలకగలిగినవాడు మా వాడకట్టులో బావ ఒక్కడే. బహుశా అందుకే ఆ వైద్యం మీద అంత ప్రేమ.

"తన్నిపిచ్చుకునేటందుకు కాక ఎందుకు? నన్నడిగితె నేనే తంతుంటి" అన్నాడు బావ.

"నువ్వు తలకాయతోని పుట్టినవ్. నువ్వు తంతె ఏం ఫాయిద?" అంది అక్క. "గా బుగ్గ కింద పండుకుంటె ఎముక నిలవడుతదా? పొయ్యి కాడ కూసుంటె సాలదా?"

యుద్ధం తేలలేదు. నేను మంచం మీద కూర్చుని ఇద్దరి మాటలూ ఆసక్తిగా విన్నాను. నిజానికి నొప్పి కంటే ఆ కుతూహలమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తన్ను లోపల ఏం చేస్తుంది? ఎర్ర వెలుతురు చర్మం దాటి ఎంత దూరం పోతుంది? తరువాత అక్క అన్నం వడ్డిస్తూ నా చెవిలో, "పొద్దుగాల్ల కాక కాడికి పోదం. మీ బావకు జెప్పకు" అంది. నా తల వాలి ఉంది. చేయి కడుక్కుంటుంటే బావ వెనుక నుంచి వచ్చి, "రేపు పగటి బస్సుకు నిజామాబాద్ పోదం. అక్కకు జెప్పకు" అన్నాడు. నా తల అప్పుడూ వాలే ఉంది. ఇద్దరూ నన్ను గెలుచుకున్నామనుకుని నిశ్చింతగా పడుకున్నారు.

తెల్లవారకముందే కాక ఇంటి ముందు బోర్లా పడుకున్నాను. కాక ఎడమ కాలును నా నడుము మీద పెట్టి మెల్లగా నొక్కి, చివరకు మడమతో ఒక తన్ను తన్నాడు. తరువాత కూర్చోబెట్టి తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "కాకా, నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టినవని నీకెట్ల ఎర్క?" అని అడిగాను. "మా అవ్వ జెప్పింది. అప్పుడు నేను చిన్నోణ్ణి, నాకేం యాదికుంటది?" అన్నాడు. "ఏ ఊరు బిడ్డా నీది? వేల్పూరా? ఈసారి పసుపు ఎట్లున్నది?" అని అడిగాడు. పసుపు గురించి చెప్పబోయి నేను నోరు తెరిచానో లేదో, మెడలో కటుక్కుమంది. నాకు ముగ్గురు కాకలు కనిపించారు. కాస్త తేరుకుని, "కాకా, గా సప్పుడు దేనిది?" అన్నాను. "నాకేమెర్క? నేనేమన్న లోపట కూసున్ననా?" అన్నాడు కాక. తల భుజం మీది నుంచి లేచింది గానీ పూర్తిగా నిలబడలేదు. సగం సరే దగ్గర ఆగింది. "ఇంకొకల్ల చెయ్యి తాకనియ్యకు. తాకనిస్తె నా జిమ్మ కాదు, తర్వాత నన్నడగకు" అని హెచ్చరించి పంపాడు.

పగటి బస్సుకు బావ వెంట నిజామాబాద్ పోయాను. ఎర్రబుగ్గ డాక్టరు నన్ను గోడ దగ్గర నిలబెట్టి, చేతులు లేపించి, వంగమని చూసి, "ఇంతకుముందు మెడ ఎవరైనా తిప్పారా? నిజం చెప్పండి. తిప్పగూడని మెడ తిప్పితే కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లను నేను చూశాను" అన్నాడు. పక్కనే బావ ఉన్నాడు. "లేదు సార్" అన్నాను. ఆయన నా సగం వంగిన తల వైపు చూశాడు. "నోరు లేదంటున్నది, తల అవునంటున్నది. దేన్ని నమ్మాలి?" "మావోడు అబద్ధమాడడు సార్" అని బావ నా పరువు కాపాడాడు. తరువాత ఎర్ర దీపం కింద పడుకోబెట్టారు. హాయిగా ఉంది, అక్క చెప్పిన పొయ్యి కాడ కూర్చున్నట్టే ఉంది. ఆ మాట బావతో అనలేదు. చివరకు డాక్టరు ఒక కసరత్తు నేర్పాడు. తలను మెల్లగా ఎడమకు, మెల్లగా కుడికి తిప్పాలి. తీరిక దొరికినప్పుడల్లా తిప్పాలి. "ఇంకెవరినీ చేయి వేయనివ్వకండి" అని ఆయన కూడా హెచ్చరించాడు.

అదొక కొత్త తంటా. అంతకుముందు అందరికీ సరే అన్న తల ఇప్పుడు అందరికీ వద్దు అనడం మొదలుపెట్టింది. "తమ్మీ, ఇంకింత బువ్వ పెట్టాల్నా?" అని అక్క అడిగే వేళకే నాకు కసరత్తు గుర్తుకొచ్చేది. అక్క గిన్నె తీసుకుపోయేది. ఆ వారం ఆకలితోనే చాలాసార్లు పడుకున్నాను. అయితే మెడ మాత్రం రోజురోజుకూ తేలికైంది, నడుము మళ్లీ వంగసాగింది. సోమవారానికి తల భుజాల నడుమ నిటారుగా నిలబడింది.

ముల్లు సారు నన్ను తన గదికి పిలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని, తూకం ముల్లును చూసినట్టే నన్ను చూశాడు. "బాగున్నది. మరి పర్మినెంటుగ ఈడనే ఉంటవా?" అన్నాడు. భయం వల్లనో, అలవాటు వల్లనో, నా తల మెల్లగా ఎడమకు తిరిగింది. మెల్లగా కుడికి తిరిగింది. "ఉండవా?" అన్నాడు ఆయన, కలం పక్కన పెడుతూ. నా కళ్ల ముందు పసుపు పొయ్యి పొగ లేచింది. "ఉంట సార్! ఉంట! గది కసరత్తు సార్!" అని గది అదిరేటట్టు అరిచాను. బయట బండ్ల వాళ్లు తొంగి చూశారు. ముల్లు సారు చాలాసేపు నవ్వి, "ఇగ నీ తలకాయను నమ్మ. నోరు జెప్పిందే రాస్తున్న" అని నా పేరు రాశాడు.

ఇంట్లో అక్క కాకకు బెల్లం ముద్ద పంపి, ఏదో యుద్ధం గెలిచినట్టు బావను చూసి ముసిముసిగా నవ్వింది. బావ కూడా ఆమెను చూసి అట్లాగే నవ్వాడు. తరువాతి ఆదివారమే డాక్టరుకు ఇవ్వమని నా చేతికి సీతాఫలాలో మరేవో పళ్లు ఇచ్చి చాటుగా బస్సెక్కించాడు. నిజామాబాద్‌లో ఆ గది తెర తొలగించి లోపలికి పోయేసరికి, ఎర్ర దీపం కింద ఎవరో పెద్దమనిషి బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. ఆ మడమలను నేను ఎక్కడైనా గుర్తుపట్టగలను. "కాకా!" అన్నాను. కాక తల తిప్పి, కొంచెం సిగ్గుపడి, "ఏం జెయ్యాలె బిడ్డా, నా నడుముకు నా కాలు అందదు గద" అన్నాడు.

నన్ను బాగుచేసింది తన్నా, దీపమా, కసరత్తా, లేక ఊరికే గడిచిన ఆ వారం రోజులా అన్నది నాకు నేటికీ తెలియదు. ఎన్నో ఏండ్లు అడిగాను. కాక తన తన్నే అన్నాడు, డాక్టరు తన కసరత్తే అన్నాడు. అక్కా బావా ఇద్దరూ చివరివరకూ తామే గెలిచామని నమ్మి, ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు. ఆ నమ్మకాన్ని పాడుచేయడం నాకు చేతకాలేదు. ఇరవై ఏళ్ల నాకు ఆ ఇద్దరి నడుమ నలిగిపోతున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ కుర్రవాడిని తలుచుకుంటే అసూయగా ఉంటుంది. ఒక వంకర మెడ కోసం ఇంట్లో ఇద్దరు మనుషులు అంతగా పోట్లాడుకున్నారంటే, వాడెంత అదృష్టవంతుడో వాడికి తెలియలేదు.

ఈమధ్య మళ్లీ నడుము పట్టింది. బస్సెక్కి నిజామాబాద్ పోయి, ఒక కుర్ర డాక్టరు ముందు కూర్చున్నాను. చాలా మంచివాడు. అన్నీ రాసుకున్నాక, "తాతా, మీ వెంట ఎవరన్న వచ్చిండ్రా?" అని అడిగాడు. లేదని చెప్పడానికి తలను మెల్లగా ఎడమకు, మెల్లగా కుడికి తిప్పాను. "అరె, ఈ వయసుల గూడ మీ మెడ మస్తు తిరుగుతున్నది" అని మెచ్చుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. బస్సులో కూర్చున్నాక కూడా చాలాసేపు నవ్వుకుంటూనే ఉన్నాను.