వాసన చూసి వండే కమలాంబ

మా ఆవిడ కమలాంబ వంటను రుచి చూసి ఎరగదు. ప్రొద్దుటూరులో మా వీధిలో ఎవరింట్లో వ్రతమైనా, తద్దినమైనా వంటకు ఆమెనే పిలిచేవాళ్ళు. మడి కట్టుకొని వండేటప్పుడు దేవుడికి పెట్టేదాకా నాలుక మీద వేసుకోకూడదు కదా. మూత తీసి, వంగి, ఒక్కసారి వాసన పీల్చి, "ఇంకో చిటికెడు ఉప్పు పడాల" అనేది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పిందంటే ఒట్టు. నేను మాత్రం వంక పెట్టకుండా విస్తరి ముందు నుంచి లేచింది లేదు. జమ్మలమడుగులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఆఫీసులో పడ్డ చీవాట్ల కోపమంతా ఇంట్లో పప్పు మీద చూపించేవాణ్ణి.

మొన్న కార్తీకంలో వచ్చిన జ్వరంతో ఆమెకు వాసన తెలియకుండా పోయింది. ఆమె చెప్పలేదు. ఒకనాడు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, స్టవ్ పక్కనే కూర్చొని నింపాదిగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఆమె ముఖం చూశాక వెనక్కి తిరిగి వరండాలోకి పోయాను. వంటకు పిలవడానికి వచ్చినవాళ్ళతో మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపించేస్తోంది. నేనూ ఉప్పులేని చారు, మాడిన వేపుడు, ఏది పెట్టినా కిమ్మనకుండా తింటూ వచ్చాను. డాక్టరు దగ్గరికి పోదామంటే ఎందుకని అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి?

ఇంతలో మా కూతురు సింధూ రెండు నెలల పసిబిడ్డతో పులివెందుల నుంచి వచ్చింది. తల్లి తీసుకునే పాలు, పెరుగు బిడ్డకు పడటం లేదనీ, కొన్నాళ్ళు నెయ్యి కూడా ముట్టవద్దనీ డాక్టరు చెప్పాడట. పెరుగు లేనిదే ముద్ద దిగని పిల్ల, చిక్కి సగమైంది. ఉడికించిన కూరగాయలు గిన్నెలో వేసి, పైన జీడిపప్పు రుబ్బిన చిక్కటి సాస్ పోసుకుంటే బాగుంటుందని ఫోనులో ఏదో చూపించింది.

"దానికి జీడిపప్పెందుకే? ఇంట్లో శెనగ్గింజలుండాయి. మీగడ మాదిరి చేసి పెడతా, చూడు," అంది కమలాంబ. ఎన్నాళ్ళకో ఆమె గొంతులో హుషారు విన్నాను.

సొరకాయ, క్యారెట్, బీన్స్ ఉడికించింది. నానిన వేరుశనగ గింజలను అల్లం, పచ్చిమిర్చితో మిక్సీలో వేసింది. మూత తీయగానే కనరు కంపు వరండాలో ఉన్న నాకే గుప్పుమంది. ఆ డబ్బా ఎన్నాళ్ళదో, ఏం పాడో! గబగబా వంటింటి గడప దాకా వెళ్ళాను. ఆమె కూనిరాగం తీస్తూ దాన్ని సన్నసెగ మీద కలుపుతోంది. పిరికివెధవను, వెనక్కి వచ్చేశాను.

సింధూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం ముడుచుకుపోయింది. నా వైపు చూసింది.

"బాగుందమ్మా," అని రెండో ముద్ద తీయబోయింది.

"తినొద్దు!" అని అరిచి గిన్నె లాక్కున్నాను. "గింజలు కనరెక్కినాయి. పాలిచ్చే పిల్లకు పెట్టేది ఇదేనా?"

కమలాంబ డబ్బా తెచ్చి, గుప్పెడు గింజలు ముక్కుకు ఆనించుకొని పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"నాకేం తెలీడం లేదండీ."

"తెలుసులే," అన్నాను.

"తెలిసే ఇన్నాళ్ళూ తింటాండారా? ఒక్క మాట అనుంటే ఈ గిన్నె నా బిడ్డ ముందు పెట్టేదాన్నా?"

జాలి అనుకున్నాను గానీ అది ఉత్త పిరికితనం. సిగ్గుతో చచ్చిపోయాను.

వీధి చివర షాహుల్ అంగడికి పోయి కొత్త గింజలు తెచ్చాను. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి గింజలు, అల్లం, నూనె, ఒక్కొక్కటే నా ముక్కు దగ్గర పెట్టి "చూడండి" అంది. ప్రతిదానికీ "బాగుంది" అన్నాను. సింధూ గిన్నె ఖాళీ చేసింది. కమలాంబ పక్కనే నిలబడి చూసింది గానీ నవ్వలేదు.

తర్వాత ఉయ్యాల్లోంచి పసిదాన్ని ఎత్తుకొచ్చి, దాని తల నా ముఖానికి ఆనించింది.

"ఇది వచ్చినప్పట్నుంచి వాసన చూస్తానే ఉండా. ఏం తగల్లేదు. ఎట్లుందో చెప్పండి."

పీల్చాను. "బాగుంది."

"అల్లానికీ అదే అంటిరి కదండీ. దీనిదెట్లుంది?"

పాలవాసన అనబోయాను. కాదు, ఇంకేదో. మళ్ళీ పీల్చాను. ఆమె నా నోటి వంకే చూస్తూ నిలబడి ఉంది.