పద్మావతమ్మ మూగనోము

పద్మావతమ్మది గట్టి నోరు. చల్లపల్లి దగ్గర పుట్టింటి చేలగట్టు మీద నిలబడి పిలిస్తే అవతలి చేలో కూలీలు పని ఆపి చూసేవారట. పటమటలో అపార్టుమెంటు మూడో అంతస్తుకి వచ్చాక కూడా ఆ నోరేం తగ్గలేదు. పాలవాడు నీళ్ళు కలిపినా, కొడుకు చక్రి తడి తువ్వాలు మంచం మీద పడేసినా కింద వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలిసిపోయేది. మనిషి మంచిదే సుమండీ. అరిచిన అరగంటకి తనే పిలిచి కాఫీ ఇస్తుంది.

బీపీ వచ్చిందని డాక్టరు చెబితే డాబా మీద రాజేశ్వరి చెప్పే యోగా క్లాసులో చేరింది. ఆసనాలు కుదిరాయిగానీ, కళ్ళు మూసుకోగానే కూరగాయల బండి దగ్గర్నుంచి ఆడపడుచు పెళ్ళినాటి గొడవ దాకా అన్నీ బుర్రలో తిరిగేవి. "ఆసనాలొక్కటే చాలవండీ, కాస్త తత్త్వం కూడా చదవండి" అని రాజేశ్వరి అట్ట ఊడిపోయిన ఓ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టింది.

పద్మావతమ్మ దాన్ని పరీక్షకి చదివినట్టు చదివింది. మౌనం గురించిన అధ్యాయం దగ్గర ఆగిపోయింది. మాట ఆగితే మనసు ఆగుతుందని ఉంది అందులో. మౌనం పట్టానని చాటుకుంటే అది ఉత్త అహంకారమేనని కూడా ఉంది. నిజమే కదా అనుకుని ఎవరికీ చెప్పకుండా మర్నాడు పొద్దున్నుంచి నోరు కట్టేసుకుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ముందు రోజు సాయంత్రమే కోడలు సింధూరి ఒక మాట అడిగింది. ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, నాలుగేళ్ళ కూతురు అక్షయని మధ్యాహ్నం బడి నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకుంటారా అత్తయ్యా, అని. "రేపు చెప్తాలే అమ్మాయ్" అంది పద్మావతమ్మ. సరేననాలనే ఉంది ఆవిడకి. పుస్తకం ధ్యాసలో పడి ఆ సంగతే మర్చిపోయింది.

మన ఇళ్ళల్లో పెద్దావిడ మాట్లాడటం మానేస్తే దాన్ని యోగసాధన అనుకునే అమాయకులు ఎవరున్నారండీ? అలిగిందనుకుంటారు. మొదటి రోజే ఇంట్లో అందరూ పిల్లుల్లా నడవడం మొదలెట్టారు. భర్త బసవపున్నయ్య టీవీ సౌండు తనంతట తనే తగ్గించుకున్నాడు. చక్రి తువ్వాలు తీసుకెళ్ళి దండెం మీద ఆరేశాడు. సింధూరి కాఫీ తెచ్చి పెట్టి, కాసేపు నిలబడి, అత్తగారి మొహంలోకి చూసి, ఏమీ అంతుబట్టక వెనక్కి వెళ్ళింది. పద్మావతమ్మ ఇదంతా ఓరకంట చూస్తూనే ఉంది. ఆహా, నేనొక్కదాన్ని శాంతిస్తే ఇల్లంతా ఎంత శాంతిగా ఉంది అనుకుంది. ఒక్క రోజని మొదలెట్టింది మూడో రోజుకి పాకింది.

మూడో రోజు హాల్లో పద్మాసనం వేసుకుని కూర్చుంది. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ సింధూరి ఫోన్లో మాట్లాడుతోంది. "సారీ సార్, జాయిన్ కాలేనండీ. మా అత్తయ్యగారికి ఇష్టం లేదు."

పద్మావతమ్మ కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి. ఇష్టం లేదని ఎవరన్నారు? నేనన్నానా? ఒక్క మాటైనా అన్నానా?

అనలేదు. ఒకప్పుడు ఆవిడ అత్తగారూ ఏమీ అనలేదు. కొత్త కాపురంలో, బందరు వెళ్ళి టైపు పరీక్ష రాసొస్తానని పద్మావతమ్మ అడిగితే, ఆ అత్తగారు వారం రోజులు నోరు విప్పలేదు. అంతే, పద్మావతమ్మ పరీక్ష మానేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా గుండెలు ఎలా పీచుపీచుమన్నాయో ఇప్పటికీ గుర్తే.

లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. గోడ పట్టుకుని కుంటుకుంటూ బాల్కనీ గుమ్మం దాకా వెళ్ళింది.

"ఎవరికే ఇష్టం లేనిది?"

వాడక వాడక గొంతు బొంగురుపోయింది. సింధూరి చేతిలోంచి తడి చున్నీ జారిపడింది.

"మళ్ళీ చెయ్యి ఆయనకి. వస్తానని చెప్పు. పిల్లని నేను తెస్తాను. ఇంకోసారి అడగలేకపోయావూ? నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?"

"మీకు కోపం వచ్చిందనుకున్నా అత్తయ్యా."

"కోపమొస్తే అరవనూ? ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదే నన్ను!"

"అరవలేదనేగా అత్తయ్యా భయమేసింది" అంటూ సింధూరి ఏడ్చేసింది.

పద్మావతమ్మ కిందపడ్డ చున్నీ తీసి దులిపింది. "ముందు ఫోన్ చెయ్యి తల్లీ" అంది మెల్లిగా.

అవతల ఫోన్ ఎత్తారు. సోమవారం వచ్చి చేరమన్నారు. సింధూరి కళ్ళు తుడుచుకుంటూ థాంక్యూ సార్, థాంక్యూ సార్ అంటుంటే, పద్మావతమ్మ మిగిలిన బట్టలు ఒక్కొక్కటీ తీగ మీద వేసింది. ఇంట్లో వాళ్ళంతా బిక్కుబిక్కుమంటూ తిరిగిన ఈ మూడు రోజులూ తనకి ఎంత హాయిగా ఉందో తల్చుకుంటే సిగ్గేసింది ఆవిడకి. ఆ వారం రోజులూ తన అత్తగారికి కూడా ఇంత హాయిగానే ఉండి ఉంటుంది.