బండి కదిలినంతసేపు మాట్లాడొద్దన్నాను

రెండు వేల తొమ్మిదో సంవత్సరం. రాయచూరులో స్టేషను రోడ్డు పక్కన మాదొక చిన్న డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు గది, గోడకు ట్రాఫిక్ గుర్తుల పటం, బయట ఎల్ బోర్డు కట్టిన తెల్లకారు, అంతే. ఆ కారులో ఎడమ సీటు నాది. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. దాన్ని డ్యూయల్ కంట్రోల్ అంటారు. నేర్చుకునేవాడు తడబడితే కారును ఆపాల్సింది నేను. అందుకే బండి కదిలిందంటే నా కుడికాలు నేలకు ఆనదు, బ్రేకు మీద గాలిలోనే ఉంటుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా నా కాలు అలాగే లేచి ఉంటుందని మా ఆవిడ నవ్వుతుంది.

నేర్పడం మొదలుపెట్టేది ఖాళీ మైదానంలో, ముగించేది శక్తినగర్ రోడ్డులో. అక్కడ థర్మల్ కరెంటు ప్లాంటు వచ్చినప్పటి నుంచి ఆ దారి నెమ్మదిగా ఉన్న రోజు లేదు. బూడిద మోసే ట్యాంకర్లు, సిమెంటు లారీలు, హైదరాబాదు బస్సులు, జనాన్ని కుక్కుకున్న జీపులు, అన్నీ ఆ రెండు వరుసల తారు మీదే. ట్యాంకర్లవాళ్లకు ఎన్ని ట్రిప్పులు వేస్తే అంత కూలి. ఇంక వాళ్లు ఆగుతారా? ఎదురుగా వచ్చే బస్సు పట్టపగలు హెడ్‌లైట్లు టపటపా వెలిగించి ఆర్పుతుంది. దాన్ని డిప్పర్ కొట్టడం అంటారు. దారి ఇవ్వమని అడగడమని పుస్తకాల్లో ఉంటుందేమో గానీ, మా రోడ్డులో దానర్థం ‘నేను వచ్చేస్తున్నా, నీ చావు నువ్వు చావు’ అని. అలాంటివాళ్లతో పోటీ పడకూడదు, అలాగని బెదిరిపోయి తారు దిగి మట్టిలో పడకూడదు. నేను నేర్పేది ఇంతకుమించి ఏమీ లేదు.

ఆ ఏడాది వేసవిలో సత్యనారాయణ గారు వచ్చారు. మాన్వి దాటాక కాలువ పక్కనున్న ఒక క్యాంపులో ఆయన వరి పండిస్తారు. క్యాంపులంటే తుంగభద్ర కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లు. ఆయనది గోదావరి వైపు. అరవై దగ్గర పడిన మనిషి, మోచేతుల దాకా నల్లబడిన చేతులు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

“ఏంది పెద్దాయనా, ఈ వయసుల కారెందుకు?” అన్నాను. నా నోరు అంతే, ముందే చెప్తున్నాను.

“మా ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయండి. వారానికి రెండుసార్లు ఇక్కడ ఆసుపత్రికి తేవాలి. జీపులో తెస్తున్నానండి. తిరిగెళ్లేటప్పుడు ఆవిడకి వాంతులు. పక్కోళ్లు మొహం చిట్లించుకుంటుంటే ఆవిడ సిగ్గుతో చచ్చిపోతోందండి. ఇంట్లో మూడో మనిషి లేడు. నేనే నేర్చుకోవాలి.”

ఆ తర్వాత నేను వయసు మాట ఎత్తలేదు. ఆమెను డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి ఆయన మా స్కూలుకు వచ్చేవారు. అక్కడ మిషను ఆమె రక్తాన్ని కడుగుతున్న ఆ నాలుగు గంటల్లోనే ఇక్కడ నేను ఆయనకు క్లచ్, గేరు నేర్పాలి. ఆలస్యమైతే ఆమె ఒక్కతే బల్ల మీద కూర్చుని ఎదురుచూడాలి. అందుకని ఆయన టీ కూడా తాగేవారు కాదు.

గేరు, క్లచ్, స్టీరింగు నేర్పాల్సిన అవసరమే రాలేదు. ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలిన చెయ్యి. కష్టమంతా మెడతోనే వచ్చింది. కారు కొంచెం దూరం పోగానే ఆయన తల మొత్తం వెనక్కి తిప్పి చూసేవారు. మళ్లీ కొంచెం దూరం, మళ్లీ వెనక్కి.

“ఎనక ఏముందని చూస్తున్నరు?”

“ఏం లేదండి. అలవాటండి. దమ్ము చేసేటప్పుడు చూసుకోవాలి గదండీ.”

దమ్ము అంటే నీళ్లు పెట్టిన మడిని నాట్లకు ముందు ట్రాక్టరుతో బురదగా కలియదున్నడం. వెనక తగిలించిన సామాను సరిగ్గా దిగుతోందో లేదో ట్రాక్టరు తోలేవాడు క్షణక్షణం వెనక్కి తిరిగి చూసుకోవాలి. పొలంలో అది పనితనం. ఎదురుగా ట్యాంకరు వచ్చే రోడ్డు మీద అదే ప్రాణం తీస్తుంది.

“మెడ కాదు, కన్ను తిరగాలె. అద్దం ఎందుకుంది? జర అద్దంల చూడున్రి,” అని మొత్తుకున్నాను. ఆయన తల తిరిగినప్పుడల్లా డాష్‌బోర్డు మీద ఉంగరంతో టక్కున కొట్టేవాణ్ణి. ఆయన నొచ్చుకునేవారు కాదు. “ఆయ్, కొట్టండి మాస్టారూ, మొద్దు మెడండి ఇది,” అనేవారు. కొట్టి కొట్టి నా ఉంగరమే సొట్టబోయింది. నెల తిరిగేసరికి మెడ నిలిచింది, లైసెన్సు వచ్చింది. పాత కారొకటి కొనుక్కున్నారు.

ఇక ఒక్కసారి శక్తినగర్ దాకా పోయి వస్తే నా పని అయిపోతుంది. ఆ రోజు డయాలసిస్ లేదు, రిపోర్టుల కోసం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. “ఈయన ఎలా తోలుతారో నేనూ చూస్తాను తమ్ముడూ,” అని ఆమె మా కారులో వెనక సీటులో కూర్చున్నారు. పేరు మంగతాయారు. పల్చటి మనిషి, చేతికి సూదులు గుచ్చిన చోట ఉబ్బి ఉంది. కానీ నోరు ఆగదు. పత్తి చేలు చూసి ఒక మాట, గుట్టలు చూసి ఒక మాట.

“తమ్ముడూ, ఈయన ట్రాక్టరు తోలుతుంటే నేను మడ్‌గార్డు మీద కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. ఇంజను మోతలో నా మాట వినబడక, ఎనక్కి తిరిగి ‘ఏంటే?’ అని అరిచేవారు. నేను కొత్తగా మా క్యాంపుకొచ్చినప్పుడు, తెలిసినవాళ్లు ఎవరూ లేరు గదా, అదే మా కాలక్షేపం.”

అలా మాట్లాడుతూ దేవసూగూరు దగ్గరికి వచ్చాం. ముందు ఒక ట్యాంకరు, ఎదురుగా ఇంకో ట్యాంకరును దాటుతూ డిప్పర్ కొట్టుకుంటూ ఒక బస్సు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఆమె, “ఏవండీ, అటు చూడండి, నది కనబడుతోంది,” అన్నారు.

ఆయన మెడ పూర్తిగా వెనక్కి తిరిగింది. “ఏంటే?” అన్నారు.

బస్సును చూసి ముందు ట్యాంకరు టక్కున ఆగింది. నా కాలు బ్రేకు మీద పడింది. కారు కీచుమంటూ ఆగింది. ముందున్న ట్యాంకరు వెనకభాగం మా బానెట్టుకు జానెడు దూరంలో ఉంది. వెనక లారీవాడు హారను కొడుతూ, తిడుతూ పక్కనుంచి దూసుకుపోయాడు. కారు పక్కకు తీయించి ఇద్దరినీ చడామడా కడిగేశాను.

“నెలంత నేర్పింది నీళ్లల కలిసె గదా. అక్కా, మీరు మాట్లాడితే ఈయన చెవి కాదు, మెడ వింటది. ట్రాక్టరు అనుకుంటున్నడు ఇంకా. ఒక్క మాట చెప్తున్న. బండి కదులుతున్నంతసేపు ఈయనతోని మాట్లాడొద్దు. ఎంత పెద్ద సంగతైనా సరే, ఇంటికి పోయినంక చెప్పున్రి. గిట్ల తోలితే ఆస్పత్రికి కాదు, మీరిద్దరు ఇంకెక్కడికో పోతరు.”

ఆమె మొహం చిన్నబోయింది. కానీ కోపం తెచ్చుకోలేదు. “సరే తమ్ముడూ. ఇంటికెళ్లాకే మాట్లాడుకుంటాంలే,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఒక్క మాట లేదు. ఆయన చూపు రోడ్డు మీద నుంచి కదల్లేదు. నేను లోలోపల భుజం తట్టుకున్నాను.

తర్వాత నెలల్లో ఆసుపత్రి రోడ్డులో అప్పుడప్పుడు కనబడేవారు. ఆయన స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి నమస్కారంలా చూపేవారు. పక్కసీటులో ఆమె, నోరు మూసుకుని ఎదురుగా చూస్తూ. ఎంత చక్కగా తోలుతున్నాడో చూడండని కొత్త విద్యార్థులకు ఆ కారును చూపించేవాణ్ణి.

చలికాలంలో, వరి కోతలప్పుడు, ఆయన ఒక్కరే వచ్చారు. చొక్కా నలిగి ఉంది. కుర్చీలో కూర్చుని చాలాసేపు ట్రాఫిక్ గుర్తుల పటం వైపు చూశారు. నాకు అర్థమైంది.

“ఎప్పుడు?” అన్నాను.

“నెల దాటిందండి.”

టీ తెప్పించాను. తాగలేదు. మెల్లగా ఆయనే మొదలుపెట్టారు.

“పొద్దున్నే చీకటితో లేచి బయల్దేరేవాళ్లమండి. ఆసుపత్రిలో ఆవిడ లోపల, నేను బయట. ఇంటికి చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు, మంచమెక్కి నిద్రపోయేది. మిగతా రోజులు నేను పొలంలో. ఇద్దరం మెలకువగా పక్కపక్కన ఉండేది ఆ కారులోనేనండి. ఒక్కోసారి నోరు తెరిచేది. ముందు లారీని చూసి మూసుకునేది. ‘ఇంటికెళ్లాక చెప్తాలెండి’ అనేది. ఇంటికెళ్లాక నిద్ర.”

టీ గ్లాసు ఆయన వైపు జరిపాను.

“ఆఖరిసారి కూడా అదే మాటండి. తిరిగెళ్తూ కల్మల ఊరు దాటాక, ‘మీకొకటి చెప్పాలండి, ఇంటికెళ్లాక చెప్తా’ అంది. ఎనకాల లారీ ఒకటే హారను. నేను ఊఁ అన్నాను. ఆ రాత్రే పోయింది. ఏం చెబుదామనుకుందో మరి.”

“పెద్దాయనా, నేను గిట్ల చెప్పకపోతే...” అని మొదలుపెట్టాను.

“అయ్యో, తప్పు మీది కాదు మాస్టారూ. మీరు చెప్పకపోతే ఇద్దరం ఆ దేవసూగూరు దగ్గరే పోయేవాళ్లం. ఎక్కడో ఒకచోట నేను ఆపాల్సిందండి. పక్కకి తీసి, ఇంజను కట్టేసి, ఏంటే అని అడగాల్సింది. ఎనక లారీవోడు తరుముతుంటే, ఆపొచ్చని నాకు తట్టనే లేదండి.”

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. “కొంచెం దూరం నాతో వస్తారా? పక్కసీటు ఖాళీగా ఉంటే చెయ్యి ఆడటం లేదండి.”

షట్టరు దించి ఆయన కారెక్కాను. మాన్వి రోడ్డు నిండా వడ్ల లారీలు, కోత మిషన్లు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. నేనే పెట్టిన షరతు ప్రకారం నోరు మెదపకుండా కూర్చున్నాను.

“ఏదో ఒకటి మాట్లాడండి మాస్టారూ,” అన్నారు.

పంట ఎట్లుందని అడిగాను. చెప్పారు. కోత మిషను దొరికిందా అన్నాను. దానికీ చెప్పారు. ఒక బస్సు డిప్పర్ కొట్టుకుంటూ మా వరుసలోకి వచ్చేసింది. ఆయన వేగం తగ్గించారు, తారు దిగకుండానే బస్సుకు సందు వదిలారు, అద్దంలో వెనక లారీని ఒక్కసారి చూసుకున్నారు, చెబుతున్న మాట మధ్యలో ఆగకుండా పూర్తి చేశారు. ఆ కారులో నా వైపు బ్రేకు లేదు. కల్మల దాటాక చూసుకుంటే నా కుడికాలు నేల మీద హాయిగా ఆని ఉంది.

అక్కడే ఒక చోట, రోడ్డు పక్కన బాగా వెడల్పుగా ఉంటే, ఆయన కారును పూర్తిగా కిందికి దించి ఇంజను ఆపేశారు.

“నా మెడ తిరగలేదు గదండీ?” అన్నారు.

“లేదు పెద్దాయనా. ఒక్కసారి గూడ తిరగలేదు.”

“ఎప్పుడు మానేసిందో నాకే తెలవదండి. ఎప్పుడో మానేసే ఉంటుంది. ఆవిడ మాట్లాడినా ఏం అయ్యేది కాదు.”

స్టీరింగు మీద తల ఆనించి ఆయన ఏడ్చారు. పక్కనుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతూనే ఉన్నాయి. నాకూ ఏడుపు వచ్చింది. మాట్లాడొద్దని చెప్పినవాణ్ణి, ఎప్పటిదాకా అనేది చెప్పలేదు. అంత నమ్మకంగా ఆ మాటను పాటిస్తారని నేనెక్కడ అనుకున్నాను? ఆమె అంత మాటకారి మనిషి, నా ఒక్క మాటకు నెలల తరబడి నోరు కట్టుకుని కూర్చున్నారు.

నేను ఆ రోజు చెప్పింది తప్పని మాత్రం అనను. ఆ రోడ్డు అలాంటిది, ఇప్పుడు మరీ పాడైంది. కొత్తగా తోలేవాడి పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదనే ఇప్పటికీ చెప్తాను. కాకపోతే ఆ మాట అక్కడితో వదలను. కొన్నాళ్లు పోయాక మళ్లీ నన్ను ఎక్కించుకుని తోలి చూపించమంటాను, మెడ నిలిచిందనిపిస్తే ఇంక మాట్లాడుకొమ్మని నా నోటితోనే చెప్తాను. అప్పటిదాకా రోజూ పోయే దారిలో బండి దించడానికి ఒక చోటు చూసి పెట్టుకొమ్మంటాను.

ఆలస్యమైతది గద మాస్టర్, అంటారు కొందరు.

“కానియ్. ఎనకున్న లారీలు మొత్తం పోనియ్. ఇంజను బంద్ చేసి, పక్కన కూసున్నోళ్లను ఏంది చెప్పు అని అడుగు,” అంటాను.

సత్యనారాయణ గారు ఇప్పటికీ వడ్ల పని మీద రాయచూరు వస్తుంటారు. వచ్చినప్పుడు మా స్కూలుకూ వస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు కల్మల దాటాక ఆ చోట కారు దించి, ఇంజను కట్టేసి, కాసేపు కూర్చుని పోతారట.