లైబ్రరీ ఇంటి గింజలు

"సార్, మన లైబ్రేరియన్ మేడం పోయింది."

మా కాలేజీ అటెండర్ ఫోన్లో ఆ ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు నా ముందు మా పత్రిక ఈ సంచిక ప్రూఫులు పరిచి ఉన్నాయి. ఎప్పుడు, ఎట్లా అని అడిగాను గానీ అతను చెప్పింది నా చెవికెక్కలేదు. మూడో పేజీ అంచున ఆమె పెన్సిల్‌తో రాసిన మాటే చూస్తూ కూర్చున్నాను. "ఊళ్ల అడిగిండ్రా?" అని ఉంది. పది రోజుల కింద ఏన్కూరు నుంచి పోస్టులో వెనక్కి వచ్చిన ప్రూఫులవి. ఆ ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు.

పాత పాఠకులకు ఆమె తెలుసు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. మా అడవి పల్లెల పంటలు, మొక్కలు, ఆచారాల మీద పరిశోధన వ్యాసాలు వేసే ఈ చిన్న పత్రికకు సంపాదకుడిగా నా పేరు ఉంటుంది. దీన్ని బతికించింది మాత్రం భద్రాచలంలో మా కాలేజీ లైబ్రరీని చూసుకున్న ఆ మేడం. రిటైరై సొంతూరు ఏన్కూరు వెళ్లాక కూడా ప్రతి వ్యాసం ఆమె చదవందే అచ్చుకు పోలేదు. పత్రికలో ఎక్కడా తన పేరు వేయనిచ్చేది కాదు. ఇప్పుడూ వేయడం లేదు. ఆమె లేదు కదా అని మాట తప్పితే నాకే నిద్ర పట్టదు.

లైబ్రరీలోకి చెప్పులు వదిలి వచ్చేది. పిల్లల్ని మాత్రం వదలమనేది కాదు. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు తెల్లగా ఉంటే చీటీలుగా కత్తిరించి పెట్టుకునేది. ఎవరైనా ఒక పుస్తకం లేదా అని అడిగితే "లేదు" అనడం నేను వినలేదు. "ఇంక రాలే" అనేది. ఆ చీటీ మీద పుస్తకం పేరు, అడిగిన పిల్ల పేరు రాసుకుని ఎక్కడో ఒక చోట నుంచి తెప్పించేది. చక్కెర లేని చాయ తాగేది. ఆ చాయ నాకూ ఇచ్చేది, అదొక్కటే ఆమె మీద నా ఫిర్యాదు.

మామూలుగా ఇట్లాంటి పత్రికల్లో ప్రతి వ్యాసాన్నీ ఆ విషయం తెలిసిన ఇద్దరు పెద్దలు చదివి సరేనంటే వేస్తారు. మేమూ అంతే. మేడం మూడో మనిషిని చేర్చింది. సంగతి ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరికి ప్రూఫులు తీసుకెళ్లి, చెప్పినవాళ్లకు చదివి వినిపించాలి. నాకు మొదట్లో ఇది చాదస్తం అనిపించింది. విత్తనాలు దాచే పద్ధతి మీద ఒక వ్యాసం పట్టుకుని జూలూరుపాడు దాటి, బస్సు దిగి, అడవి బాటన ఒక కోయ పల్లెకు నడిచి వెళ్లిన రోజు ఎండకు నేను సణుగుతూనే ఉన్నాను.

ఆ సంగతులు చెప్పిన అవ్వ గుమ్మంలో కూర్చుని విన్నది. రాత తెలుగు అవ్వకు అందదని అంగన్‌వాడీలో పనిచేసే మనవరాలు ఒక్కో వాక్యం కోయ భాషలో చెబుతోంది. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి సొరబుర్రలో పోస్తారన్న చోట అవ్వ నవ్వింది.

"ఎండబెట్టకుంట పోస్తె ఒక్క గింజ మొలవది బిడ్డా. గా ముచ్చట రాయలేదా?"

రాయలేదు. ఇద్దరు పెద్దలు చదివారు, నేను చదివాను, ఎవరికీ తట్టలేదు. మేడం నా వైపు చూసి, పెన్సిల్ తీసి ప్రూఫు అంచున ఆ ముచ్చట రాసుకుంది.

ఆ రోజే ఆ ఊళ్లో విత్తనాల పండుగ. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచి ఒక దోసెడు విత్తనం తెచ్చి ఒకే గుడ్డ మీద పోస్తారు. పూజయ్యాక అన్నీ కలిపి, తిరిగి ప్రతి ఇంటికీ దోసెడు పంచుతారు. ఆ గింజలు కలవందే ఎవరూ విత్తు వేయరు. ఒక ఇల్లు ఏమీ తేలేదు. వాళ్లకూ దోసెడు పోశారు. మేడం అవ్వను అడిగింది, తేనివాళ్లకు ఎందుకని.

"వాడు విత్తకపోతె వాని చేను బీడు పడ్తది. బీడుల పుట్టిన పురుగు మన చేనుకే వస్తది" అన్నది అవ్వ, ఇది కూడా తెలియదా అన్నట్టు.

వచ్చేటప్పుడు మాకూ మోదుగాకులో కట్టి ఇచ్చారు. మీది ఏ ఇల్లని పూజారి అడిగితే మేడం తడుముకోకుండా "లైబ్రరీ ఇల్లు" అన్నది. ఆ గింజలు లైబ్రరీ వెనక గోడ పక్కన పెట్టింది. చిక్కుడు తీగ కిటికీ ఊచల దాకా పాకింది. ఆ తర్వాత ప్రతి ఏడూ పండుగకు ఆమె తన దోసెడు పట్టుకుని వెళ్లేది.

అప్పటికి పత్రిక చందాల మీద నడిచేది, అంటే కుంటేది. ఒక్కో లైబ్రరీ చందా మానేస్తోంది. అదే సమయంలో హైదరాబాద్ నుంచి ఒక ప్రచురణ సంస్థ మనిషి వచ్చాడు. పత్రికను తామే తీసుకుని ఇంటర్నెట్‌లో పెడతామన్నాడు. రాసినవాళ్లు కొంత కట్టాలి, చదివేవాళ్లు వ్యాసానికింత అని కట్టాలి. నెత్తి మీద బరువు దిగుతుందని నేను సంతకానికి సిద్ధమయ్యాను.

ఆ సాయంత్రం ఇద్దరం సారపాక బస్టాపులో ఉన్నాం. కాగితం మిల్లుకు పోయే వెదురు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"మన అడివి వెదురు కాయితమైతది సార్. గా కాయితం మీద మనోళ్ల ముచ్చట అచ్చేసి, మల్ల మనోళ్లకే అమ్ముతరా? ఒక్క నెల ఆగుండ్రి" అన్నది మేడం.

ఆ నెలంతా సెలవు పెట్టి కొత్తగూడెం, ఖమ్మం, సత్తుపల్లి, మధిర కాలేజీల లైబ్రరీలు తిరిగింది. ఎవరూ చదవని ఏదో ఒక పత్రిక చందా మానేసి, ఆ సొమ్ము దీనికి ఇవ్వమని అడిగింది. పత్రికను కొనడానికి కాదు, తయారు చేయడానికి. రాసేవాళ్ల దగ్గర తీసుకోం, చదివేవాళ్ల దగ్గర తీసుకోం, ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరుచుకోవచ్చు. మధిర లైబ్రేరియన్ గారు నవ్వారట. "అందరికీ ఊరికే దొరికేదానికి మేమెందుకివ్వాలి మేడం?" అని. ఆమె అవ్వ చెప్పిన బీడు చేను సంగతి చెప్పింది. ఆయన మళ్లీ నవ్వారట, కానీ ఇచ్చారు. ఒక్క లైబ్రరీ తప్ప అడిగినవాళ్లంతా ఇచ్చారు.

ఇక నా తప్పు. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లలో చుక్కలూ గీతలూ అయిపోతున్నాయని, అచ్చయిన పేజీలే ఫొటోల్లా స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టించాను. అక్కడితో ఆగితే బాగుండేది. సొమ్మిచ్చిన లైబ్రరీలకు ఏదో ఒక గొప్ప ఉండాలి కదా అనుకుని, పాస్‌వర్డ్ పెట్టించి వాళ్లకు మాత్రమే పంపాను. మేడంకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు కనుకే చెప్పలేదు.

వారం తర్వాత అవ్వ దవాఖానా పని మీద మనవరాలితో భద్రాచలం వచ్చి లైబ్రరీకి వచ్చింది. తన మాటలు కంప్యూటర్లో ఉన్నాయట, చూస్తానని. మేడం ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద పాస్‌వర్డ్ అడిగే డబ్బా వచ్చింది. ఏంటని అవ్వ అడిగితే మనవరాలు సిగ్గుపడుతూ "తాళమేసిండ్రంట" అని చెప్పింది. అవ్వ లేచి కొంగు సర్దుకుని, "ఏం కాదు బిడ్డా. తాళంచెవి దొరికినంక మల్ల వస్తం" అన్నది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. మేడం నా వైపు తిరిగింది.

"ఏంది సార్ గిది? ఆమె ముచ్చట ఆమెకే తాళమా?"

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. తప్పు చేసినప్పుడు ఇంకా ఎక్కువ. "తాళం లేకపోతే వచ్చే ఏడు ఒక్కడూ ఇయ్యడు. పత్రిక ఆగిపోతది" అని అరిచాను.

"అవ్, ఆగొచ్చు. ఆగితె తెరిచి ఉన్నట్లే ఆగనియ్యిండ్రి."

అరవకుండా అన్నది. అప్పటికప్పుడు కంప్యూటర్ లెక్చరర్‌ను పిలిచి పాస్‌వర్డ్ తీయించాను. మనవరాలు చదువుతుంటే అవ్వ తెర మీద సొరబుర్ర బొమ్మను వేలితో తడిమి చూసింది. ఎండబెట్టడం గురించి చేర్చిన వాక్యం మళ్లీ ఒకసారి చదివించుకుంది.

మరునాడు మేడం ప్రతి లైబ్రరీకీ తన చేత్తో ఉత్తరం రాసింది. తాళం వేసి తప్పు చేశాం, తీసేశాం, మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది తెరిచే ఉంటుంది, వచ్చే ఏటికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి అని. తప్పు చేశాం అని రాసింది గానీ, చేసింది నేనని ఎక్కడా రాయలేదు.

వచ్చే ఏడు రానే వచ్చింది. పోస్ట్‌మాన్ కనబడితే గేటు దాకా ఎదురెళ్లేవాణ్ణి. మొదటి జవాబు మధిర నుంచే వచ్చింది. "మా పిల్లలు తెరిచి చదువుతున్నారు. మా దోసెడు పంపుతున్నాం" అని ఉంది. మిగతావాళ్లూ ఇచ్చారు, కొందరు ఆలస్యంగా, కొందరు తక్కువగా. మొదటి ఏడు ఇవ్వని లైబ్రరీ ఈసారీ ఇవ్వలేదు. అయినా మేడం వాళ్లకు ప్రతి సంచికా పోస్టు చేస్తూనే ఉంది. మూడో ఏడు వాళ్ల దగ్గర నుంచీ వాటా వచ్చింది. ఆమె ఆ ఉత్తరం చదివి, మడిచి, నాకో చక్కెర వేసిన చాయ తెప్పించింది.

ఏన్కూరులో దహనం అయ్యాక ఆమె చెల్లెలు నా చేతిలో ఒక మోదుగాకు పొట్లం పెట్టింది. "అక్క మంచంల ఉండి కట్టించింది సార్. పండుగ దగ్గర పడ్డది, సార్‌కియ్యమన్నది." పాత పరీక్ష పేపర్ వెనక కత్తిరించిన చీటీ లోపల ఉంది. "లైబ్రరీ ఇల్లు" అని రాసి ఉంది. అప్పుడు ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

మొన్న ఆ ప్రూఫులు కూడా సంచిలో పెట్టుకుని పల్లెకు వెళ్లాను. మూడో పేజీ అవ్వకు చదివి వినిపించాను. ఒక మాట మార్చమన్నది, మార్చాను. మేడం సంగతి చెబితే ఆ పొట్లం ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చింది. పండుగ గుడ్డ దగ్గర పూజారి నన్ను "ఏ ఇల్లు?" అని అడిగాడు. నేను పొట్లం విప్పుతున్నాను. వెనక నుంచి అవ్వ చెప్పింది.

"లైబ్రరీ ఇల్లు. గా ఇల్లు ఎప్పుడు తేకుంట రాలే."

గింజలు గుడ్డ మీద పోశాను. కలిపారు. తిరిగి దోసెడు నాకు పోశారు.

ఇది చదవడానికి మీరు ఎవరినీ అడగక్కర్లేదు. మీరు ఈ పేజీ తెరిచేసరికి మా లైబ్రరీ వెనక గోడ పక్కన, కిటికీ కింద, తడిమట్టిలోంచి చిక్కుడు మొలకలు వచ్చి ఉంటాయి. ఒక్కోదానికి రెండేసి ఆకులు.