సీసా అడుగున మన్ను

మా అత్తగారింటికీ చెరువు కట్టకీ మధ్య పెరడు, రెండు వరుసల టెంకాయ చెట్లు, అంతే. కార్వేటినగరం బస్సులోంచి చూస్తే కట్ట కనిపిస్తుంది, దాని కింద మా ఊరు కనిపించదు. పాప పుట్టాక నేను ఎత్తులు చూడడం మొదలుపెట్టాను. చెరువు నిండితే నీళ్ళ మట్టం మా మిద్దె పిట్టగోడ దాకా ఉంటుంది. పాప పడుకునే మంచం కింది గదిలో ఉంటుంది.

మా నాయన ఒక చిన్న ప్రాజెక్టు దగ్గర లస్కరుగా పనిచేశాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, కట్ట పొడుగునా తిరిగి చూడడం ఆయన పని. నేను తిరుపతిలో డిగ్రీ చదివాను గానీ, కట్టను చూసి ఎప్పుడు భయపడాలో ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

"యా కట్టయినా రోంత చెమరస్తాదిమ్మా. నీళ్ళు రావడం తప్పు గాదు. ఏం తెస్తా ఉండాయో సూడాల. తేటగా వస్తే పోయి పడుకో. మన్ను తెస్తా ఉంటే కట్ట లోపల్నించి కరిగిపోతా ఉండాదని" అనేవాడు. ఊట నీళ్ళు గాజు సీసాలో పట్టి, కదలకుండా పెట్టి, తర్వాత అడుగు చూసేవాడు.

నేనూ అదే చేశాను. మా పెరడు దాటగానే కట్ట అడుగున ఎప్పుడూ తడిగా ఉండే చోటొకటి ఉంది. రోజూ పొద్దున పాపను చంకనేసుకుని పోయి, ఊరగాయ సీసా నింపుకొచ్చి వంటింటి కిటికీలో పెట్టేదాన్ని. ఎప్పుడూ తేటగానే ఉండేది.

అత్త నవ్వేది. "ఏమ్మే, తీర్థం తెచ్చినావా? నాకూ రోంత పొయ్యి."

కార్తీకంలో తుపాను పట్టింది. మూడు రోజులు విడవని వాన. ఊళ్ళో అందరికీ సంబరం, చాలా ఏళ్ళకు చెరువు మొరవ పోతుందని. మొరవంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి కట్ట చివర కట్టిన రాతి దారి. ఆ దారిన నీళ్ళు పారిన రోజు గంగమ్మకు చీర, గాజులు ఇస్తారు. అత్త అప్పటికే చీర తీసి పెట్టింది.

ఆ ఏడు మామ ఇంకో ముగ్గురితో కలిసి చెరువులో చేపలు వదిలాడు. అవి కొట్టుకుపోకుండా మొరవకు అడ్డంగా వల కట్టారు. మూడో రోజు పొద్దున పోయి చూస్తే వల నిండా తుంగ, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. అది వలలా లేదు, గోడలా ఉంది. పోవాల్సిన నీళ్ళు పోక పైకి లేస్తున్నాయి. కట్ట అంచుకు మూరెడే మిగిలింది. వాన నీళ్ళు కలవకుండా చేయి అడ్డం పెట్టి ఊట దగ్గరే సీసా నింపాను. కాసేపటికి అడుగున వేలి మందం మన్ను పేరింది.

"మామా, వల తీసేయండి."

"తీస్తే చేపలన్నీ మీ నాయనింటికి పోతాయిలే."

"మన్ను తెస్తా ఉండాయి మామా. సూడండి."

ఆయన సీసాను చూశాడు. "వానలో బురద గాక పాలొస్తాయా? తాతలనాటి కట్టమ్మే అది. నీ సీసాకు తెగేది కాదు."

తిరుపతిలో ఉద్యోగం చేసే మా ఆయనకు ఫోన్ చేశాను. "నాయన నా మాట ఎప్పుడు విన్నాడని? పాపనెత్తుకుని మీ ఇంటికి పో" అన్నాడు. వంక పొంగి బస్సులు ఆగిపోయిన సంగతి ఆయనకు తెలియదు.

పాపను అత్త చేతిలో పెట్టి, మిద్దె మీదికి పొమ్మన్నాను. ఆమె నా చేతిలో కొడవలి చూసి మెట్లెక్కింది.

మొరవ గోడ మీద కూర్చుని ఈ పక్క వల తాళ్ళు కోశాను. రెండు తెగాక మిగతావి నీళ్ళ బరువుకే తెగాయి. చేపలు తెల్లగా మెరుస్తూ పోయాయి. ధైర్యమేమీ కాదు. భయం కూడా లేదు. చేతులు ఎవరివో అన్నట్టు ఉన్నాయి.

సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. కట్ట తెగలేదు. తెగలేదు కాబట్టి అది తెగేదే కాదని ఊరంతా తేల్చింది. మన్ను చూపిద్దామంటే అత్త సీసా కడిగి బోర్లించేసింది. కింద కాలువలో చీరలడ్డం పెట్టి చేపలు పట్టినవాళ్ళు మాకూ రెండు పంపారు. అత్త పులుసు పెట్టింది. మామ తింటూ, "బాగా పెరిగినాయి" అన్నాడు, నా వైపు చూడకుండా. నేను పాపకు ముళ్ళు తీసి పెట్టాను. నేనూ తిన్నాను. ఏ రుచీ తెలియలేదు.

మర్నాడు పొద్దున కిటికీలో సీసా లేదు. పెరట్లోకి పోతే అత్త కట్ట కింద వంగి ఉంది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేయి అడ్డం పెట్టి, నేను చేసినట్టే.

"నువ్వు సూడుమ్మే, నాకు కండ్లు ఆనవు" అంటూ సీసా ఇచ్చింది.

దాన్ని రాయి మీద పెట్టాను. నీళ్ళు కదలడం ఆగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.