మా వీధి చివరి పొత్రం

కుళ్లిన బంతిపూలు, వాటి మీద కొత్త పెయింటు. ఈ రెండూ కలిసి కొట్టే వాసన బెంగళూరులో ఆదివారం పొద్దున చీపురు పట్టేవాళ్లకే బాగా తెలుసు. ఇప్పుడు నేనుంటున్న వైట్‌ఫీల్డ్ వైపు పదిమందిమి కలిసి ఎనిమిదేళ్లుగా వీధిమూలల్లో కుప్పలు ఎత్తుతున్నాం, గోడలు కడిగి రంగులు వేస్తున్నాం, కుండీలు పెడుతున్నాం. వారం తిరిగేసరికి కుండీలో మొక్క ఉండదు, పక్కన కుప్ప మాత్రం ఉంటుంది. మోకాళ్లు అరిగాయి, ఓపిక అంతకన్నా ముందే అరిగింది. మానేయరాదా అని ఇంట్లో అడుగుతారు. మానకపోవడానికి నాకొక పాత కారణం ఉంది గానీ, మొన్నటిదాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు.

నేను పుట్టి పెరిగింది యలహంక పాతూళ్లో, మగ్గాల వీధిలో. మా తాత నూలు చీరలు నేసేవాడు. నేతవాళ్లకు వీధి నడిచే దారి మాత్రమే కాదు, పనిచేసే చోటు కూడా. చీరకు నిలువునా వచ్చే దారాలన్నిటినీ కలిపి పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి ఈ చివర నుంచి ఆ చివరి మూల దాకా సాగదీసి, కొయ్యలకు కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టాలి. పడుగు రోజు తెల్లవారగానే తాత వీధి పొడుగునా నడుస్తూ ప్రతి వాకిట్లోనూ "లేయండప్పా, పడుగుండాది" అని కేకవేసేవాడు. అది ఎవరి పడుగని అడిగేవాళ్లు కాదు, ఇంటికొకరు చీపురుతో బయటికి వచ్చేవాళ్లు. తన వాకిలి వరకు ఊడ్చి చేతులు దులుపుకోవడమన్నది మా వీధికి తెలియదు. ఊడ్చాక పిల్లలం వట్టికాళ్లతో ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తాలి, మా కాలికి గుచ్చుకున్నది నూలుకూ తగులుకుంటుందని తాత లెక్క. ముల్లు దొరికించుకున్న పిల్లకు అవ్వ బెల్లంముక్క పెట్టేది కాబట్టి నేను ఇంటి నుంచే ఒక ముల్లు గుప్పిట్లో పట్టుకుని బయలుదేరేదాన్ని.

గంజి పులిసిన వాసన, తడి నూలు వాసన, అరుగుల మీద ఆడవాళ్లు రాట్నాలు తిప్పే చప్పుడు, ఉగాదికి మేం ఓళిగలనే నెయ్యి కారే బొబ్బట్లు, చలికాలం వస్తే ఇంటింటా అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పితికి పప్పు తీసి, ఆ కూరతో వేడి సంకటిముద్ద మింగుతూ వాకిట్లో ఎండకు కూర్చోవడం, ఇదీ నాకు తెలిసిన లోకం. అది చెడిపోవడం కూడా ఆ అనపతొక్కలతోనే మొదలైంది. మా వెనక కొత్త ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లవాళ్లకు పడుగులు లేవు, వీధితో పని లేదు. తొక్కలు తెచ్చి మా వీధి చివరి మూలలో పోశారు. తర్వాత బొగ్గులు, పగిలిన కుండలు, పాతగుడ్డలు వచ్చి చేరాయి. పడుగు చివరి కొయ్య నాటేది ఆ మూలలోనే కాబట్టి తాత ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, "ఆడ పడుక్కి కడాకొయ్య నాటల్ల తల్లీ, రవ్వంత చూసుకోండి" అని బతిమాలేవాడు. సరే తాతా అనేవాళ్లు, మరునాడు మళ్లీ పోసేవాళ్లు. తాతే గంపకెత్తి ఊరిబయట ఎరువుగుంతలో పారబోసి వచ్చేవాడు. ఒకరోజు గంప దించి, నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. అప్పుడు నాకు పదేళ్లు.

మా పెరట్లో అరిగిపోయిన రుబ్బురోలు పొత్రం ఒకటి పడి ఉండేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే దాన్ని దొర్లించుకుంటూ వెళ్లి, ఆ మూలలో నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, రెండు గన్నేరుపూలు గుచ్చి వచ్చాను. మూడో రోజుకల్లా చెత్త ఆగిపోయింది. వారానికల్లా ఎవరో పసుపుగుడ్డ కట్టారు, ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. వెనకింటి బిడ్డకు జ్వరం దిగిందని వాళ్లమ్మ పొంగలి పెట్టింది. నా అంత తెలివైనది లోకంలో లేదని నేను మురిసిపోయాను.

తర్వాతి పడుగు రోజు తాత చేతిలో కొయ్యతో ఆ మూలకు వెళ్లి ఆగిపోయాడు. కొయ్య నాటాల్సిన చోటే పొత్రం ఉంది. "ఆయమ్మ కూచున్న తావులో కొయ్య యెట్ల నాటేదప్పా" అన్నాడు, లెంపలేసుకుని వెనక్కి జరిగాడు. కొయ్యను బాగా ఇవతలికి జరిపి నాటడంతో ఆ రోజు పడుగు పూర్తిగా సాగలేదు. అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "అది మన పొత్రం గదా పాపా?" అంది. నేను ఏడుస్తూ, పోయి తీసేస్తానన్నాను.

"తీస్తే ఊరు ఊరకుంటాదా? జనం మొక్కినాక అది పొత్రం కాదు. మీ తాతకు తెల్సకూడదు, నోరు మూసుకోనుండు."

మూసుకున్నాను. పొట్టిపడుగుతో చీరలు తక్కువ దిగేవి, నూలిచ్చే షావుకారు సణిగేవాడు. పక్క వీధిలో సాగదీసుకుంటామంటే వాళ్లు ఒప్పుకోలేదు. ఒక్కొక్క ఇల్లే మానుకుంది. పడుగు బయటికి రావడం తగ్గాక ఎవరి వాకిలి వాళ్లదయింది. చివరికి తాత మగ్గం విప్పేసి, మరమగ్గాల షెడ్డులో దారం కండెలు చుట్టే పనికి కుదిరాడు. రోజూ ఆ దారినే వెళుతూ పొత్రం ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం చూడలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. మరమగ్గాలు ఎలాగూ వచ్చేవే, పొత్రం లేకపోయినా తాత మగ్గం ఆగేదే అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. సగమే నమ్ముతాను. తాత పోయేదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడక్కడ ఇనుప కటకటాలున్న గుడి ఉంది. దేవత తనంతట తానే వెలిసిందని పూజారి చెబుతాడు. గుడి వెనక వాడిన దండలు, అద్దం పగిలిన దేవుడి పటాలు గుట్టపడి ఉంటాయి. పాపం తగులుతుందని చెత్తబండివాళ్లు కూడా వాటిని ముట్టరు. ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు. వట్టికాళ్లతో పరుగెత్తే పిల్లా లేదు.

మొన్న ఆదివారం మా గుంపులోని దివ్య ఒక అట్టపెట్టె తెచ్చింది. కడప వైపు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన మంచి పిల్ల. "ఆంటీ, గాడ్స్ ఉన్న టైల్స్ తెచ్చా. ఈ వాల్‌కి ఫిక్స్ చేసేద్దాం, ఇంకెవ్వరూ డంప్ చెయ్యరు" అంది. వద్దన్నాను. ఎందుకని అందరూ చుట్టూ చేరితే, అక్కడే ఫుట్‌పాత్ అంచున కూర్చుని మొదటిసారి ఇదంతా చెప్పాను.

"కానీ ఆంటీ, అక్కడ చెత్త వెయ్యడం అయితే ఆగింది కదా?" అంది దివ్య మెల్లగా.

"ఆగింది" అన్నాను.

ఆ పిల్ల ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. ఎనిమిదేళ్లుగా ఎత్తుతున్న కుప్ప మా వెనకే ఉంది. ఇంక వాదించే ఓపిక నాకు లేదు. ఎవరో సిమెంటు కలపడం మొదలుపెట్టారు. దివ్య ఒక టైలు తీసి గోడకు ఆనించింది.

"ఎక్కడ పెడతావో బాగా చూసుకోమ్మా" అన్నాను. "మళ్లీ తియ్యలేం."