కొండ మీద బస్సు

మా పెద్ద టీచరుగారు పోయారన్న కబురు స్టాఫ్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మొట్టమొదటి బొమ్మ మా హెడ్మాస్టారిది. ఆవిడ దగ్గర్నుంచి పిల్లల్ని లాగేసిన మనిషి ఆయనే. చూడగానే ఒళ్ళు మండిపోయింది. అలా మండుతూనే నేనూ ఒక బొమ్మ పెట్టాను. అందుకని ఈ నాలుగు మాటలూ కోపంగానే రాస్తున్నాను. ఆ కోపంలో నా వాటా నాకుంది.

మాది అమలాపురానికి ఆటో దూరంలో చిన్న ఎలిమెంటరీ స్కూలు. ప్రతి తరగతిలోనూ కొందరు పిల్లలుంటారు. అక్షరాలన్నీ వచ్చు. పేరా మొత్తం గడగడా చదివేస్తారు. ఏం చదివావమ్మా అంటే నోరు వెళ్ళబెడతారు. మేమంతా వాళ్ళని మొద్దులని వదిలేశాం. ఆవిడ మాత్రం రోజూ మధ్యాహ్నం ఒక గంట వాళ్ళని వరండాలో కూర్చోబెట్టుకునేవారు. మోకాళ్ళ నొప్పులున్నా తనూ నేలమీదే కూర్చునేవారు. జడముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, దానితో ఏమీ రాయగా నేను చూడలేదు. ఒక్క వాక్యం చదివించి, పుస్తకం మూయించేవారు.

"ఇప్పుడు ఏం కనబడతందమ్మా?"

"ఏమీ కనబడటం లేదండి."

"అయితే నువ్వింకా చదవలేదు. పలికేవంతే. మళ్ళీ చదువు."

ఆ తర్వాత మొదలయ్యేవి ప్రశ్నలు. ఆవు ఏ రంగుది? నిలబడిందా, పడుకుందా? ఎండా, నీడా? ఇంతకీ ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. "మా నాన్నగారికి కళ్ళు పోయేయమ్మా. రోజూ పేపరు చదివి వినిపించేదాన్ని. పడవ తిరగబడిందంటే చాలు, ఆగమ్మా, ఒడ్డు దగ్గరా, ఏటి మధ్యనా అని అడిగేవారు. మళ్ళీ చూసుకుని చెప్పేదాన్ని. అలా చెబుతా చెబుతా నాకు చదవడం వచ్చింది" అన్నారు. ఆవిడ పొందిన ట్రైనింగు అంతే.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. రెండేళ్ళుగా మా ఎవరికీ ఒక్క జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆ రోజు పాఠంలో ఒక అవ్వ కట్టెల మోపుతో కొండ దిగుతోంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, "కొండ మీద బస్సు వెళ్తందండి" అంది. పక్క గదిలోంచి విని నేను పగలబడి నవ్వాను. తర్వాత గాని నాకు తట్టలేదు. మా కోనసీమలో కొండెక్కడుంది? కంకర కావాలన్నా లారీలో రావాలి. ఆ పిల్ల చూసిన ఎత్తయిన నేల ఏటిగట్టు ఒక్కటే, దాని మీద రోజూ బస్సు తిరుగుతుంది.

ఆవిడ నవ్వలేదు. "బస్సుని వెళ్ళనీ. అవ్వ ఏం చేస్తంది?"

"దిగతందండి. అడుగులు పక్కకి వేస్తందండి, జారిపోతానని."

పక్కకి అడుగులు వేసిందని పుస్తకంలో లేదు. అది ఆ పిల్ల చూసి చెప్పింది. అప్పుడు ఆవిడ, "ఆ గట్టు మీద ఒక కొబ్బరిచెట్టంత ఎత్తు పెట్టు. దాని మీద ఇంకో చెట్టంత. ఇప్పుడు బస్సు ఎక్కుద్దా?" అన్నారు. "ఎక్కదండి!" అని ఆ పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది.

ఆ రోజు తనిఖీకి వచ్చినాయన గుమ్మంలో నిలబడి సగం విని వెళ్ళిపోయాడు. కొండంటే ఏటిగట్టని తప్పు బోధిస్తున్నారని రాసి పారేశాడు. వారం తిరక్కుండా హెడ్మాస్టారు మమ్మల్ని పిలిచారు. "కొత్త రీడింగు ప్రోగ్రాం వచ్చింది కదండి. ట్రైనింగు లేనివాళ్ళు ఆ పిల్లల జోలికి వెళ్ళకూడదండి" అన్నారు. రిటైర్మెంటుకి ఏడాదే ఉందని ఆవిడని ట్రైనింగుకి పంపనిది ఈయనే. నన్ను పంపారు. ఐదు రోజులు టీలు, బిస్కట్లు, చివర్లో ఒక సర్టిఫికెట్. "ఆ పిల్లల్ని మీరు చూసుకుంటారా అండి?" అంటే, ఆవిడ ఎదుటే "ఆయ్, అలాగేనండి" అన్నాను. నాకు సిగ్గుండాలి.

మర్నాడు ఆవిడ నన్ను వరండాలోకి పిలిచారు. ఒక్కో పిల్లనీ నాకు అప్పగించారు. బస్సు చూసిన పిల్లని చూపించి, "ఈ పిల్లకి నీళ్ళూ చెట్లూ బాగా కనబడతాయమ్మా. మనుషుల మొహాలే కనబడవు. వాటి గురించి అడుగుతా ఉండు" అన్నారు. తలూపాను గానీ ఒక్కనాడూ అడగలేదు. నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది, నిమిషానికి ఎన్ని పదాలో రాయడానికే గంట సరిపోయేది. ఆ పిల్ల వేగం పెరిగింది, టిక్కు పెట్టాను. ఏం చదివావని అడిగితే మళ్ళీ పాత మౌనమే. మా స్కూలు బాగా చేస్తోందని పైఅధికారులు మెచ్చుకున్నారు. ఆ పిల్లకి అప్పుడప్పుడే తెరుచుకుంటున్న తలుపు నా చేత్తో నేనే మూశాను.

సంతాప సభ స్కూల్లోనే పెట్టారు. హెడ్మాస్టారు తను రాసిన కాగితం నా చేతికిచ్చి, "మీ గొంతు బాగుంటదండి, మీరు చదివెయ్యండి" అన్నారు. చదివేశాను. అంకితభావం, ఆదర్శమూర్తి, తీరని లోటు. ఎక్కడా తడబడలేదు. అందరూ చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆగిపోయారు.

జనం కదులుతుండగా ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. "టీచరుగారండీ, మీరు చదివిన దాంట్లో ఆవిడ నాకెక్కడా కనబడలేదండి" అంది. నిలదీయడం కాదు, నిజంగా కనబడకే అంది.

ఆ కాగితం చింపేశాను. కళ్ళు మూసుకుంటే నాకు కనబడింది ఒక్కటే. "రిటైరైన రోజు గేటు దగ్గర ఉన్నారమ్మా" అన్నాను.

"ఎటు తిరిగున్నారండి?"

"రోడ్డు వైపు."

"చేతిలో ఏముందండి?"

"శాలువా, పళ్ళ సంచి. సంచి బరువుగా ఉంది, మాటిమాటికీ చెయ్యి మార్చుకుంటున్నారు."

"పక్కన ఎవరున్నారండి?"

"ఎవరూ లేరమ్మా."

"మరి మీరెక్కడున్నారండి?"

"స్టాఫ్ రూములో, కిటికీ పక్కన. కుర్చీలోంచి లేవలేదు."